కంపెనీల వితరణ – మన క్రీడా మైదానం

ప్రతి సంవత్సరం మన కళాశాల పత్రికలో క్రీడా విభాగపు నివేదిక వెలువడడం పరిపాటి. అందులో గెలిచినవారి పేర్లు, బహుమతులు ప్రదానం చేసిన పెద్దల పేర్లు, అంతర కళాశాలల పోటీలకు వెళ్ళివచ్చిన జట్టు ఛాయాచిత్రం ఉంటాయి. ఆ చిత్రంలో పదిహేనుమంది కనిపిస్తారు. కళాశాలలో చదువుతున్నవారు ఎనిమిది వందల పైచిలుకు. తక్కినవారు ఏమి ఆడుతున్నారు, ఎక్కడ ఆడుతున్నారు, అసలు ఆడుతున్నారా అన్న ప్రశ్నకు ఆ నివేదికలో చోటు ఉండదు. ఉండవలసిన అవసరం ఇంతవరకు ఎవరికీ కలుగలేదు. ఈ సంవత్సరం కలిగింది.

యువకుల క్రీడలకు, వ్యాయామానికి గ్రాంటు ఇస్తామంటూ ఒక కంపెనీ మన జిల్లాలోని విద్యాసంస్థల నుండి దరఖాస్తులు కోరింది. పాలకవర్గం వారు ఒక ఉపసంఘాన్ని నియమించి అందులో మమ్మల్ని కూడా చేర్చారు. తెలుగు అధ్యాపకులకు క్రీడలతో ఏమి సంబంధమని సహోపాధ్యాయులు కొందరు నవ్వారు. దరఖాస్తు పద్నాలుగు పుటలు. రాయవలసిన పని ఎక్కడ తలెత్తినా అది భాషాశాఖ తలుపే తట్టడం కళాశాలల్లో అనాదిగా వస్తున్న ఆచారం. ఆ పద్నాలుగు పుటలూ ఇంగ్లీషులో ఉండడం వేరే సంగతి. ఉర్దూ శాఖలోని మిత్రులూ మేమూ నిఘంటువు ముందు పెట్టుకొని దానిని ఆద్యంతం చదివాము. డబ్బు ఎంత కావాలన్న గడి పూరించడం సులభంగానే ఉంది. ఆ డబ్బుతో ఎవరికి ఏమి ఒరుగుతుందన్న గడి దగ్గర అందరమూ ఆగిపోయాము. ఆ రోజు నుండి మా మనస్సులో మెదలుతున్న ఆలోచనలను విద్యార్థుల ముందు, పాలకవర్గ సభ్యుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశ్రమల సొమ్ము క్రీడలకు చేరడం మన దేశంలో నిన్న మొన్నటి విషయం కాదు. జంషెడ్జీ టాటా ఉక్కు కర్మాగారాన్ని కలగంటున్న రోజుల్లో, 1902లో, కుమారుడు దొరాబ్జీకి ఒక లేఖ రాశారు. కార్మికుల కోసం కట్టబోయే పట్టణంలో ఫుట్‌బాల్‌కు, హాకీకి, ఉద్యానవనాలకు విశాలమైన స్థలాలు కేటాయించాలని, దేవాలయాలకు, మసీదులకు, చర్చిలకు చోటు ఉంచాలని అందులో కోరారు. అప్పటికి ఆ పట్టణం ఎక్కడ వెలుస్తుందో కూడా తెలియదు. జంషెడ్జీ 1904లో కన్నుమూశారు. పట్టణం తరువాత వెలసింది. 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్ క్రీడలకు మన దేశం నుండి జట్టు వెళ్ళగలిగిందంటే దొరాబ్జీ టాటా చేసిన ధనసహాయమే ముఖ్య కారణం. 1987లో అదే జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ వెలసింది. ఈ వరుసలో మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచేది ఒలింపిక్ ప్రయాణం కాదు, ఆ లేఖలోని స్థలాల కేటాయింపే. ఇల్లు కట్టక ముందే పిల్లవాడు ఆడుకొనే వాకిలిని గీసిపెట్టిన యజమాని ఆలోచన అది.

మన హైదరాబాదులో మరొక పద్ధతి నడిచింది. అక్కడ క్రీడాకారునికి గ్రాంటు ఇచ్చినవారు లేరు, ఉద్యోగం ఇచ్చినవారు ఉన్నారు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆటగాళ్ళు పోలీసు శాఖలో జీతం తీసికొంటూ ఆడేవారు. పూట గడుస్తుందన్న ధైర్యం ఉన్నది కనుక కాళ్ళు మైదానం మీద నిలిచాయి. తరువాతి దశాబ్దాలలో బ్యాంకులు, రైల్వేలు, ప్రభుత్వరంగ కర్మాగారాలు ఇదే రీతిగా ఎందరో క్రీడాకారులకు నీడనిచ్చాయి.

ఆ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారిని గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పక తప్పదు. విద్యార్థులలో చాలమంది ఆయన పేరును 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ చిత్రం ద్వారానే విన్నారని తరగతిలో అడిగినప్పుడు తెలిసింది. రహీం గారు ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు. వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, ఉర్దూ షరీఫ్ పాఠశాలలోను, దారుల్ ఉలూంలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసికొని పిల్లల ఆటల బాధ్యత చేపట్టారు. 1943 నుండి మరణించే వరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా ఉన్నారు. కుర్రవాళ్ళ చేత బంతిని ఒంటరిగా నడిపించుకుపోకుండా వెంటనే తోటివారికి అందించే పోటీలు ఆడించేవారు. బలహీనమైన కాలితోనే తన్నవలెనన్న నియమంతో పోటీలు పెట్టేవారు. వీటికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక బంతి, కొంత నేల, సాయంత్రం తప్పక వచ్చి నిలబడే ఒక గురువు ఉంటే చాలు. ఆ శిక్షణ ఎక్కడికి తీసికొనిపోయిందో లోకానికి తెలుసు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం, ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వంటి మన హైదరాబాదు, సికింద్రాబాదు బిడ్డలు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాపై 2–1 గెలుపుతో మళ్ళీ స్వర్ణం. ఆ మరుసటి సంవత్సరమే జూన్ నెలలో రహీం గారు క్యాన్సర్‌తో మరణించారు. ఇంత ఘనత వెనుక ఉన్నది బడిపంతులే అన్న సంగతిని మన దరఖాస్తు మొదటి పుటలోనే రాయాలని మేము ఉపసంఘంలో అన్నాము. చరిత్ర రాయడానికి గడి లేదని జవాబు వచ్చింది.

ఇక నేటి పద్ధతికి వద్దాము. కంపెనీలు ఇచ్చే ఈ సొమ్మును దయాధర్మంగా భావించి చేతులు జోడించేవారు మనలో చాలమంది ఉన్నారు. కృతజ్ఞత తప్పు కాదు గాని, దీని వెనుక చట్టం ఉన్నదని కూడా తెలిసి ఉండాలి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1,000 కోట్ల వార్షిక టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. జనం నోట సి.ఎస్.ఆర్. నిధులుగా నలుగుతున్నవి ఇవే. ఏయే పనులకు ఖర్చు చేయవచ్చునో ఆ చట్టం ఏడవ షెడ్యూలులో జాబితా ఉన్నది. ఆ జాబితాలో క్రీడల పంక్తి చిన్నది. గ్రామీణ క్రీడలను, జాతీయ గుర్తింపు పొందిన క్రీడలను, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడలను పెంపొందించేందుకు శిక్షణ అని దాని సారాంశం. మా దృష్టి 'శిక్షణ' అన్న మాట మీద నిలిచింది. కప్పు అనలేదు, కిట్టు అనలేదు, సభ అనలేదు.

పైగా 2014 జూన్‌లో కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఒక వివరణ ఇచ్చింది. ఒక్కరోజు మారథాన్ పరుగులు, అవార్డులు, ప్రకటనలు వంటి ఒక విడత కార్యక్రమాల ఖర్చు ఈ లెక్కలోకి రాదన్నది దాని భావం. కంపెనీ తన కార్యకలాపాలు ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టమే చెబుతున్నది. ఇది న్యాయంగానే కనిపిస్తుంది గాని, దీని వలన కర్మాగారాలున్న చోటికి నిధులు వెళ్తాయి, లేని చోటికి వెళ్ళవు. మన పట్టణంలో పొగగొట్టం కనబడదు. నూనె గానుగలు, బియ్యం మిల్లులు, వస్త్ర దుకాణాలు తప్ప 2 శాతం లెక్క కట్టవలసిన సంస్థ ఏదీ లేదు. ఈ కంపెనీ కూడా జిల్లా సరిహద్దులో కొత్తగా గిడ్డంగి తెరిచినందువలననే మన వైపు చూసింది. విద్యకు, వైద్యానికి పోగా క్రీడలకు దక్కే పాలు స్వల్పమన్నది మరొక విషయం. అంచేత ఒకసారి వచ్చిన అవకాశాన్ని ఎలా వినియోగించుకొంటామన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ సొమ్ము చేసిన మేలును కాదనలేము. విశాఖపట్నంలో కాపలాదారు కుమార్తెగా పుట్టిన జ్యోతి యర్రాజి భువనేశ్వర్‌లోని ఒడిశా–రిలయన్స్ అథ్లెటిక్స్ కేంద్రంలో శిక్షణ పొంది, 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయింది. ఒక ఒంటరి కుటుంబం ఎన్నడూ కొనలేని శిక్షణ, వైద్యం, ఆహారం ఒక సంస్థ అక్కడ సమకూర్చింది. గచ్చిబౌలిలో పుల్లెల గోపీచంద్ అకాడమీకి 2003లో ప్రభుత్వం స్థలమిస్తే, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ విరాళమూ, గోపీచంద్ తన ఇంటిని తాకట్టుపెట్టి తెచ్చిన అప్పూ కలిసి భవనమైనాయి. అనంతపురంలో 2010లో టెన్నిస్ క్రీడాకారుడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ పాఠశాల తెరిచి, ఆటతో పాటు చదువు కూడా చెప్పిస్తున్నది. కరవు సీమలో టెన్నిస్ ఏమిటని ఆశ్చర్యపడినవారు అక్కడి బీద పిల్లలను చూసి మాట మార్చుకొన్నారు.

అయితే ఈ ఉదాహరణలన్నిటిలోను ఒక వరుస ఉన్నది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ కథనే చూడండి. 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ బాక్సింగు విజేత అయిన తరువాత ఆమె పేరు తెలియని ఇల్లు లేదు. కాని ఆమె 2011లో టర్కీలో జూనియర్ స్థాయి ప్రపంచ పోటీలో స్వర్ణం గెలవడానికి ముందు, తండ్రి జమీల్ గారు ఆమెను ఊరి మైదానానికి తీసికొనిపోయి పరుగు నేర్పిన రోజులు ఉన్నాయి. ఆడపిల్ల బాక్సింగు చేయడమేమిటని నలుగురూ అన్నప్పుడు ఆ తండ్రి వెనుదీయలేదు. ఊరిలో మైదానం తెరిచి ఉండడం, అక్కడ నేర్పే మనిషి ఉండడం ముందు జరిగాయి. తరువాత విశాఖపట్నంలో ప్రభుత్వ శిక్షణ కేంద్రం. పేరున్న సంస్థల కన్ను పడినది ఇవన్నీ అయిన పిమ్మట. కంపెనీ సొమ్ము సాధారణంగా మొలక కనబడిన తరువాతనే నీరు పోస్తుంది. విత్తనం వేసిన చేయి ఎవరిదో నివేదికలలో రాదు. మన కళాశాల వంటి చోట కావలసినది ఆ మొదటి పని.

పతకాలు గెలవబోని వారి సంగతి కూడా ఆలోచించాలి. వారే కదా ఎక్కువమంది! అయిదు నుండి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 146 దేశాల పాఠశాల విద్యార్థుల వివరాలు సేకరించి 2019లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 11–17 ఏళ్ళ వారిలో నూటికి 81 మందికి ఆ మాత్రం కదలిక లేదు. మన దేశంలో సుమారు 74 మందికి లేదు. అన్ని దేశాలనూ కలిపి చూస్తే బాలికల పరిస్థితి బాలుర కంటె అధ్వాన్నం. ఆ వయస్సు దాటగానే మన కళాశాలకు వస్తారు. వచ్చినాక ఉన్న కదలిక కూడా పోతుంది.

ఈ మాటను గణాంకాల మీద ఆధారపడి చెప్పడం లేదు. మన విద్యార్థినులలో పాఠశాల రోజుల్లో ఖోఖో ఆడినవారు, పరుగు పందేలలో మండల స్థాయికి వెళ్ళినవారు ఎందరున్నారో తెలిసికొందామని రెండవ సంవత్సరం తరగతులలో మేము విచారించాము. ఇరవై ఆరుగురు చేతులెత్తారు. ఇప్పుడు ఆడుతున్నవారు ఎవరని అడిగితే అన్ని చేతులూ దిగిపోయాయి. వాణిజ్యశాస్త్రం చదువుతున్న ఒక అమ్మాయి లేచి, "సర్, ఆడాలంటే ముందు ఇంట్లో అమ్మీని అడగాలి, అమ్మీ అబ్బాను అడగాలి, అబ్బా దాదీని అడగాలి. అడగడం పూర్తయ్యేసరికి మా డిగ్రీ పూర్తవుతుంది" అన్నది. తరగతి అంతా నవ్వింది. మేమూ నవ్వాము. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఏడవ తరగతిలో 200 మీటర్ల పరుగులో జిల్లాకు వెళ్ళివచ్చిన ధ్రువపత్రం ఇంకా ఇంట్లో ఇనుప బీరువాలో ఉన్నదని తరువాత తెలిసింది.

మన మైదానం రహదారికి ఆనుకొని ఉన్నది. గోడ మోకాలి ఎత్తు. సాయంత్రం బస్సు నాలుగున్నరకు. బట్టలు మార్చుకొనే గది లేదు. ఫిజికల్ డైరెక్టర్ గారు ఒక్కరే, వారు పురుషులు, పైగా పరీక్షల విభాగపు పని కూడా వారి మీదనే ఉన్నది. ఈ స్థితిలో ఆడపిల్లలు ఆడడం లేదు కనుక వారికి ఆసక్తి లేదని తేల్చివేయడం న్యాయం కాదు. కొందరు పెద్దలు పరదా సంప్రదాయాన్ని కారణంగా చూపుతారు. ఆ మాటలో కొంత నిజం ఉండవచ్చును గాని, మేము చూసినంతలో అది మొదటి కారణం కాదు. ఆ అమ్మాయి తండ్రి గారు ఆటో నడుపుతారు. పరీక్ష ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు మేము ఈ ప్రస్తావన తెచ్చాము. కాదంటారనుకొన్నాము. ఆయన ఖర్చెంత అని అడగలేదు, బట్టలేమిటని అడగలేదు. "లెక్చరర్ సాబ్, గ్రౌండులో పిల్లలతో ఎవరుంటారు?" అని ఒక్క మాట అడిగారు. జవాబు మా దగ్గర లేకపోయింది. గ్రాంటు పత్రంలోని పద్నాలుగు పుటల ప్రశ్నలన్నీ కలిసినా ఆయన అడిగిన ప్రశ్నకు సాటి రావు.

గతంలో మేము వేరొక కళాశాలలో పనిచేస్తున్నప్పుడు ఒక సంస్థ వారి సొమ్ముతో జరిగిన క్రీడోత్సవాన్ని కళ్ళారా చూశాము. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. షామియానాలు వేశారు. ప్రతి విద్యార్థికీ సంస్థ ముద్ర ఉన్న చొక్కా ఇచ్చారు. బారెడు పొడవున్న అట్ట చెక్కును ప్రిన్సిపాల్ గారి చేతికి ఇచ్చి ఛాయాచిత్రాలు తీశారు. ఫోటోగ్రాఫరు సరిగా పడలేదంటే మరి రెండుసార్లు ఇచ్చి పుచ్చుకొన్నారు. నలభై బంతులు, ఆరు వలలు, క్రికెట్ కిట్లు వచ్చాయి. మరుసటి వారం అవన్నీ స్టాకు రిజిస్టరులో ఎక్కి, బీరువాలో చేరి, తాళం పడింది. పోతే ఎవరు జవాబుదారీ అన్న భయం చేత తాళం తీసినవారు లేరు. ఏడాది తరువాత తీసి చూస్తే బంతులలో గాలి లేదు. పంపు ఉన్నది గాని దానికి సూది లేదు. ఆ సూది ఖరీదు ఒక ఇరానీ చాయ్ ఖరీదంత ఉంటుంది. ఏ గ్రాంటులోనూ సూదికి పద్దు లేదు, కనుక ఎవరూ కొనలేదు. ఆ చొక్కాలు మాత్రం చాలకాలం కనిపించాయి. మా ఇంటి పక్కాయన స్కూటరు తుడవడానికి ఒకటి వాడేవారు. లక్షలు ఖర్చయిన ఆ ఉత్సవం మూన్నాళ్ళ ముచ్చటగా మిగిలింది.

మన పెద్దలు దానంలోని తారతమ్యాన్ని ఎరిగినవారే. ఆకలిగొన్నవానికి ఆ పూట అన్నం పెట్టడం ఒకటి. బాటసారుల కోసం బావి తవ్వించడం, నీడ కోసం చెట్లు నాటించడం, విద్య కోసం ఆస్తిని వక్ఫు చేయడం మరొకటి. తవ్వించినవారు పోయినా నీరు ఊరుతూనే ఉంటుంది గనుక దానిని సదఖా-ఎ-జారియా అన్నారు. తెలుగునాట చెరువులు తవ్వించినవారూ, సత్రాలు కట్టించినవారూ ఈ తత్త్వాన్ని ఎరిగినవారే. కంపెనీ లెక్కలలో ఈ రెండు దానాలకూ ఒకే గడి ఉన్నది. తేడా చూపవలసినది అడిగేవాళ్ళము.

ఎవరి సొమ్మైనా తీసికొనవచ్చునా అన్న ప్రశ్న కూడా ఉపసంఘంలో వచ్చింది. దక్షిణాఫ్రికా క్రికెటర్ హాషిం ఆమ్లా తన జట్టును పోషించే బీరు కంపెనీ ముద్రను చొక్కా మీద ధరించలేదు. క్రికెట్ బోర్డు అందుకు అంగీకరించింది. ఆయన పరుగులు తగ్గలేదు. మన దేశంలో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసే వరకు, జాతీయ క్రికెట్ జట్టు చొక్కా మీద ఉన్నది అటువంటి ఆటలు నడిపే సంస్థ పేరే. పిల్లవాడు చొక్కా మీది పేరును కూడా ఆటతో పాటే నేర్చుకొంటాడు. ఈ కంపెనీ విషయంలో అట్టి చిక్కు లేదు. అయినా విద్యార్థుల ఛాతీని ప్రకటన పలకగా మార్చబోమని దరఖాస్తులోనే రాయాలని మా అభిప్రాయం. మైదానపు గోడ మీద పేరు రాసుకోనిద్దాము, అభ్యంతరం లేదు.

ఏమి అడగాలన్న దగ్గర ఉపసంఘంలో మూడు ఆలోచనలు నడుస్తున్నాయి. ఒక గౌరవ సభ్యులు అద్దాల గదిలో ఆధునిక వ్యాయామ యంత్రాలు అడగమంటున్నారు. మరొకరు వ్యవస్థాపకుల పేరిట జిల్లాస్థాయి కప్పు పెట్టాలంటున్నారు. ఇద్దరి ఆకాంక్షా గొప్పదే. కాని యంత్రం చెడిపోతే బాగుచేసేవాడు హైదరాబాదు నుండి రావాలి. కప్పు ఏడాదికి మూడు రోజుల పండుగ. పైన చెప్పిన మంత్రిత్వ శాఖ వివరణ ముందు అది నిలుస్తుందా అన్నది కూడా సందేహమే. మా ఆలోచన మూడవది. మనిషిని అడుగుదాము. వ్యాయామ విద్యలో పట్టా ఉన్న ఒక మహిళా శిక్షకురాలిని మూడేళ్ళ పాటు నియమించుకొందాము. నెలకు 20,000 రూపాయల చొప్పున మూడేళ్ళకు 7,20,000 అవుతుంది. రహదారి వైపు గోడ ఎత్తు పెంచడం, నీటి వసతి ఉన్న ఒక గది, నేల చదును, ఇవి ఒక్కసారి ఖర్చు. బంతులు పదే చాలు. సూదులు ఇరవై కొందాము.

జీతాలకు కంపెనీలు ఇష్టపడవని అనుభవజ్ఞులు చెబుతున్నారు. మనిషి మీద శిలాఫలకం బిగించలేము గదా! కాని నియమాలు మన వైపే ఉన్నాయి. 2021లో సవరించిన నియమాలలో 'కొనసాగే పథకం' అన్న ఏర్పాటు ఉన్నది; ప్రారంభించిన సంవత్సరం కాక మరి మూడేళ్ళ వరకు సాగే పనికి కంపెనీ నిధులు కేటాయించవచ్చును. పరిపాలనా ఖర్చుల మీద 5 శాతం హద్దు ఉన్నమాట నిజమే గాని, అది కంపెనీ తన సి.ఎస్.ఆర్. కార్యాలయాన్ని నడుపుకొనే ఖర్చుకు సంబంధించినది. శిక్షణ పథకంలో శిక్షకురాలి జీతం పథకపు ఖర్చే అవుతుంది. మన విద్యాసంఘానికి 12ఎ, 80జి రిజిస్ట్రేషన్లు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సి.ఎస్.ఆర్.–1 నమోదు ఉండాలి. మొదటి రెండూ ఉన్నాయని కార్యదర్శి గారు చెప్పారు. మూడవది ఇంకా కాలేదు. అది లేకపోతే మనం ఎంత చక్కగా రాసినా దరఖాస్తు పక్కకు పోతుంది. దయచేసి ఈ నెలలోనే పూర్తి చేయించవలసినదిగా పాలకవర్గాన్ని ప్రార్థిస్తున్నాము.

మూడేళ్ళ తరువాత ఏమి అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. ఇది అన్నిటికంటె కష్టమైన ప్రశ్న. గ్రాంటు ఆగిన రోజున శిక్షకురాలిని ఇంటికి పంపి, గేటుకు తాళం వేస్తే, ఇంట్లో అడిగి ఒప్పించుకొని వచ్చిన అమ్మాయిలకు మనం చేసిన మేలు ఏమిటి? వారి తండ్రులు మరొకసారి మన మాట నమ్ముతారా? అందుచేత మొదటి ఏడాది నుండే జీతంలో నాలుగవ వంతు, మూడవ ఏట సగం కళాశాల భరించేలా తీర్మానం చేయాలని మా సూచన. అలా భరించడం వలన కంపెనీ ఇచ్చే సొమ్ములో మిగిలినది నాలుగవ సంవత్సరానికి మార్గం చూపుతుందా అన్నది ముందే వారిని అడిగి రాయించుకోవలసిన విషయం. వార్షికోత్సవ వేదిక అలంకరణకు మనం చేస్తున్న ఖర్చును ఒకసారి చూస్తే ఇది మనకు మించిన భారం కాదని సభ్యులు గ్రహిస్తారు. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు. పత్రికలో కాక మరెక్కడ చెప్పగలము?

ఆదివారాలు, సెలవు దినాలు మైదానం పక్కనున్న ప్రభుత్వ పాఠశాల పిల్లలకు తెరవాలని కూడా దరఖాస్తులో చేర్చాము. ఆ బడికి ఆటస్థలం లేదు. ఇప్పటికే గోడ దూకి వచ్చి ఆడుతున్నారు. గోడ ఎత్తు పెంచినప్పుడు వారికి గేటు తీయడం మన ధర్మం. బాలుర ఫుట్‌బాల్ జట్టుకు ఉదయం ఆరు నుండి ఏడున్నర వరకు, విద్యార్థినులకు మధ్యాహ్నం మూడున్నర నుండి బస్సు వేళ వరకు సమయం కేటాయించవచ్చునని ఫిజికల్ డైరెక్టర్ గారు అంగీకరించారు. వారానికి రెండు రోజులు చివరి పీరియడు వదులుకోవడానికి ఆర్థికశాస్త్ర శాఖ, ఉర్దూ శాఖ ముందుకు వచ్చాయి. తెలుగు శాఖ కూడా వదులుకొంటున్నది, ఛందస్సు పాఠం కొంత వెనుకబడినా సరే.

ఆసక్తి ఉన్న విద్యార్థినులు తమ పేరు, తరగతి, పాఠశాలలో ఆడిన ఆట రాసి గ్రంథాలయంలో మేడం గారి దగ్గర ఉంచిన పుస్తకంలో నమోదు చేయాలని కోరాము. తల్లి గాని తండ్రి గాని సంతకం చేయడానికి పక్కన ఒక గడి గీశాము. ఈ వ్యాసం అచ్చుకు వెళ్ళేనాటికి ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. సంతకాల గడిలో నాలుగు నిండాయి. ఆటో నడిపే తండ్రి గారి సంతకం ఇంకా రాలేదు; శిక్షకురాలి పేరు తెలిసిన రోజున వచ్చి పెడతానని కబురు పంపారు.